ఆఖరి డబ్బా రాలేదు

చలికాలం రాగానే ఎవరో ఒకరు నాకు ఆ వీడియో పంపుతారు. ఓవర్‌బ్రిడ్జి ఎక్కే దారిలో, నడిరోడ్డు మీద, తెల్ల యూనిఫాం వేసుకున్న ఒక ముసలాయన ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన ఎదురుగా మనిషెత్తు కుండ ఒకటి, దాని పక్కన ఒక అట్టల లారీ, వెనకాల ఇంకా ఏవేవో ఆగిపోయి ఉంటాయి. జనం అరుస్తుంటారు. ఈయన కదలడు. దాని కింద నవ్వు బొమ్మలు బోలెడు. పంపేవాళ్ళలో చాలామందికి తెలియదు పాపం, ఆయన మా నాన్న అని. తెలిసి పంపేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి వేరు.

ఆ వీడియోలో నేను లేను. ఉండాల్సినవాణ్ణే, లేను. అందుకే దాన్ని తెరవకుండా తీసేస్తాను.

మా రాయపూర్‌లో రైల్వే కాలనీ చుట్టుపక్కల మొహల్లాల వాళ్ళు కలిసి దీపావళి హడావుడి తగ్గాక ఒక ఆదివారం పందెం పెట్టేవారు. దానికి పేరంటూ ఏమీ లేదు, 'దౌడ్' అంటే అదే. షరతులు రెండే. బండికి మోటారు ఉండకూడదు, కాళ్ళతో తొక్కాలి. బండి బండిలా ఉండకూడదు, చూడ్డానికి ఇంకేదో అయి ఉండాలి. రిక్షా మీద నెమలిని కట్టేవారు, సామాన్లు మోసే ఠేలాబండి మీద వరి మిల్లు కట్టేవారు. భన్‌పురి ట్రాన్స్‌పోర్టు వాళ్ళు అట్టలతో లారీ చేసుకొస్తే, హారన్ బదులు ఒకడు లోపల కూర్చుని నోటితో కూసేవాడు. ఒక ఏడు ఎవరో సమోసా తెచ్చారు. సగం దారిలో అది పగిలిపోయి లోపల తొక్కుతున్న ఇద్దరు లావుపాటి మనుషులు బయటపడితే, 'ఆలూ, ఆలూ' అని ఊరంతా నవ్వింది. కాలనీ మైదానంలో మొదలై, ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగి, శంకర్ నగర్ పార్కు దగ్గర ముగుస్తుంది. సగం బళ్ళు దారిలోనే విడిపోతాయి. చేరినవాడే మొనగాడు.

మా తెలుగువాళ్ళం ఏటా గట్టు మీద కూర్చుని పల్లీలు తింటూ చూసేవాళ్ళమే తప్ప దిగింది లేదు. నాకు అది చిన్నతనంగా ఉండేది. శంకర్ నగర్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి నేను. పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, నా హిందీలో తప్పు పట్టేవాడు లేడు. అయినా ఆఫీసులో నేను 'అన్నా'నే. "క్యా అన్నా, ఇడ్లీ ఖాయే?" అని పొద్దున్నే పలకరింపు. మా మేనేజరు ఆ పందేనికి న్యాయనిర్ణేతల్లో ఒకడు. ఆ ఏడు ఆయన గదిలో అందరి ముందూ, "ఈసారి మేమూ వస్తున్నాం సర్, కప్పు మాదే" అనేశాను. నోరు జారడం అంటే ఏమిటో ఇంటికెళ్ళాక తెలిసింది. బండీ లేదు, మనుషులూ లేరు, కప్పు మాత్రం మాది.

దారి చూపించింది మావయ్య. మావయ్యంటే చుట్టరికం ఏమీ కాదు. నాన్నది గూడ్సు బళ్ళకు గార్డు ఉద్యోగం, ఆయనది ఇంజను డ్రైవరు ఉద్యోగం. ఇద్దరూ శ్రీకాకుళం పక్కవాళ్ళే. ఏళ్ళ తరబడి ఒకే బండికి ఆయన ముందు, నాన్న వెనక. మధ్యలో రైలు పొడుగంతా ఉంటే మాటలెక్కడివి, జెండాలూ ఈలలే. రిటైరయ్యాక ఆ బాకీ అంతా మా అరుగు మీద తీర్చుకునేవారు. బావా అంటే బావా అని రోజంతా ఒకటే వేళాకోళం.

"రైలోళ్ళం, మనకింకేటొస్తాదిరా? రైలు కడదాం" అన్నాడు మావయ్య.

నూనె డ్రమ్ములతో ఇంజను అయింది. దాని కింద మూడు రిక్షాల ఇనుము. ముందు డబ్బాలాంటి క్యాబిన్లో కూర్చుని మావయ్య హ్యాండిల్ తిప్పుతాడు, వెనక నేనూ, లోకోషెడ్డులో పనిచేసే ఇద్దరు కాలనీవాళ్ళూ తొక్కుతాం. అంతవరకు నాకు నచ్చింది. అప్పుడు మావయ్య, "దాని ఎనకాల గార్డు డబ్బా తగిలించాల" అన్నాడు.

"ఎందుకు మావయ్యా? తొక్కేవాళ్ళు కాదు కదా అందులో. మనిషిని ఊరికే మోసుకెళ్ళడమా?"

"గార్డు లేని బండిని రైలనరు. లారీ అంటారు. అది భన్‌పురీవోళ్ళు తెస్తన్నారు కదా" అన్నాడాయన.

ఆ సాయంత్రమే నాన్న ఠేలా బేరం చేసి వచ్చాడు. అప్పటికి ఆయన రిటైరై కొన్నేళ్ళయింది. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అరుగు. ఆ ఠేలా ఇంటి ముందుకు వచ్చిన దగ్గర్నుంచి మనిషి నిద్ర మానేశాడు. రేకులు కొట్టించాడు, వెనక చిన్న వసారాలా కమ్మీలు పెట్టించాడు. భన్‌పురిలో వెల్డింగు చేయించి కొక్కెం, పిన్నుతో ఇంజనుకి తగిలేలా చేశాడు. పాత ఇనుము కొట్లో ఎక్కడో ఒక ఇనుప చక్రం సంపాదించి హ్యాండ్‌బ్రేకు కూడా బిగించాడు. అది తిప్పితే చెక్కముక్కలు వచ్చి చక్రాల్ని పట్టేస్తాయి. నేను ఎత్తి చూస్తే ఆ చక్రమొక్కటే చంటిపిల్లంత బరువుంది.

"నాన్నా, ఇది పరుగు పందెం. ఆపడానికి కాదు."

"పరిగెత్తించడం ఎవడికైనా వస్తాదిరా" అన్నాడు, గ్రీజు రాస్తూ తలెత్తకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఈ డబ్బా ఒకటి నా ప్రాణానికి!

పందెం నాటి పొద్దున నాన్న నిజం యూనిఫాం వేసుకొచ్చాడు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, తెల్ల కోటు, మెడలో ఈల, చంకలో చుట్టిన జెండాలు రెండు. చేతిలో పసుప్పచ్చ రేకు ముక్క, ఎల్వీ బోర్డు. రైలు వెనక ఆఖరి డబ్బాకి వేలాడేది అదే. అది కనబడిందంటే బండి మొత్తం వచ్చిందని లెక్క, కనబడలేదంటే ఎక్కడో తెగిందని లెక్క. ఇవన్నీ నాకు పాలు తాగే వయసునుంచి తెలుసు. కాని ఆ మైదానంలో, అంతమంది ముందు, నాకు తల తీసేసినట్టయింది.

మేనేజరు నవ్వుతూ వచ్చాడు. "అరే అన్నా, యే స్టేషన్ మాస్టర్ కౌన్ హై?"

"పితాజీ హైఁ సర్."

"వాహ్! మేకప్ బఢియా హై."

అది మేకప్ కాదు, ఆయన జీవితమంతా తొడుక్కున్న బట్టలు అని చెప్పొచ్చు. చెప్పలేదు. పళ్ళికిలించాను.

శంఖం ఊదారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అన్ని బళ్ళూ కదిలాయి, మాది కదల్లేదు. నెమలి వెళ్ళిపోయింది, మిల్లు వెళ్ళిపోయింది, లారీ నోటితో హారన్ కొడుతూ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు కట్టుకొచ్చిన కుండ కూడా ఊగుతూ వెళ్ళిపోయింది. నేను పెడల్ మీద కాలుపెట్టి వెనక్కి చూస్తే నాన్న బోర్డు తగిలిస్తున్నాడు. తగిలించి దూరంగా వెళ్ళి చూశాడు. వచ్చి కొక్కెం చూశాడు. డబ్బా చుట్టూ తిరిగాడు.

"మావయ్యా, కదలండి!"

"గార్డు ఊపలేదు కదరా."

గట్టు మీదున్న జనానికి పండగైపోయింది. ఎవడో ముక్కుతో మొదలుపెట్టాడు. "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ..." అంతే, అందరూ అందుకున్నారు. గాడీ లేట్‌గా నడుస్తోందట, అసౌకర్యానికి చింతిస్తున్నారట. అందులో మా ఆఫీసువాళ్ళ గొంతులు నేను గుర్తుపట్టాను. భూమి చీలితే అందులోకి వెళ్ళిపోదును.

నాన్న అప్పటికి డబ్బా ఎక్కి, ఈల వేసి, పచ్చజెండా ఊపాడు. మావయ్య క్యాబిన్లోంచి తల బయటపెట్టి చూసి, "కూ..." అని కూత పెట్టాడు. అప్పుడు కదిలింది మా బండి.

కసి మీద తొక్కాను. చెప్పకూడదు గాని బండి కూడా బాగా సాగింది. రైల్వేవాళ్ళ ఇనుము పని, ఊరికే పోతుందా! మొదటి మలుపులో మిల్లు గొలుసు తెగి కూర్చుంది, దాన్ని దాటేశాం. కాసేపటికి లారీని దాటాం. ఓవర్‌బ్రిడ్జి మొదట్లో కుండను దాటాం. లోపల నలుగురు ఆడవాళ్ళు తొక్కుతున్నారు, కుండ మూతిలోంచి ఇద్దరు పిల్లలు తలలు పెట్టి మాకేసి చేతులూపారు. ముందు మిగిలింది నెమలి ఒక్కటే.

వంతెన ఎక్కేచోట స్పీడ్‌బ్రేకరు ఉంది. దాని మీద దడదడమని ఎగిరి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాం. తొడలు మండుతున్నాయి, ఊపిరి అందడం లేదు. ఇంతలో ఉన్నట్టుండి కాళ్ళు తేలికైపోయాయి. హాయిగా, వెన్నలో తిరిగినట్టు తిరుగుతోంది పెడలు. నేనేమనుకున్నానో తెలుసా? ఇన్నాళ్ళకి నా కాళ్ళలో బలం బయటికొచ్చింది అనుకున్నాను! "జోర్‌సే! ఔర్ జోర్‌సే!" అని కేకలు కూడా పెట్టాను.

బండి నడుస్తుండగా హ్యాండిల్ వదిలి మావయ్య ఆ క్యాబిన్లోంచి వెనక్కి చూడలేడు. ఎత్తు ఎక్కాక డ్రైవరు వెనక్కి చూడాలి, గార్డు జెండా చూపించాలి, అంతా బాగానే ఉందని. అది వాళ్ళ అలవాటు. "ఒరే, ఎనక్కి సూడు. నాన్న పచ్చజెండా ఊపుతన్నాడేటి?" అని అరిచాడు.

నెమలి తోక నాకు అందేంత దూరంలో ఉంది. "ఊపుతున్నాడు మావయ్యా!" అన్నాను.

తల తిప్పలేదు.

దిగుడులో నెమలి టైరు పేలింది. పార్కు గేటు దగ్గర మేము ఒక్కళ్ళమే చేరాం. డప్పులు, రంగులు, అరుపులు. బంతిపూల దండ నా మెడలో పడింది, కప్పు చేతుల్లోకి వచ్చింది. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. "అన్నా నే కర్ దిఖాయా!" అన్నాడు, అన్నా సాధించి చూపించాడని. ఆ మాట కోసం ఎన్నాళ్ళు కాచుకున్నానో నాకే తెలుసు. కప్పు గుండెలకి హత్తుకున్నాను.

ఇంకెవ్వరూ రావడం లేదేమిటా అని అందరూ అనుకుంటున్నప్పుడు, లారీవాళ్ళు లారీ లేకుండా, ఎవరి మోటారుసైకిలో పట్టుకుని చుట్టుదారిలో వచ్చి ఊడిపడ్డారు. "చీటింగ్ హై! ఇన్ లోగోఁ నే బుడ్ఢే కో రాస్తా రోక్‌నే ఛోడ్ దియా!" దారి అడ్డుకోవడానికి ముసలాణ్ణి వంతెన మీద దింపి వచ్చామట. ఎర్రజెండా పట్టుకుని ఒక్క బండినీ కదలనివ్వడం లేదట. ఫోన్లో వీడియో చూపించారు. ఆ వీడియోనే.

మేనేజరు భుజం మీంచి చెయ్యి తీసేశాడు. "యే క్యా హై?"

నాకు అప్పుడు రావాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఆయనకి దెబ్బ తగిలిందా, డబ్బా ఎలా తెగింది, ఆయన ఎలా ఉన్నాడు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "మాఫ్ కీజియే సర్. ఉమర్ హో గయీ హై ఉన్‌కీ. సమఝ్‌తే నహీఁ." వయసైపోయింది, ఆయనకి తెలియదు, క్షమించండి అని. కప్పు పట్టుకునే అన్నాను. వాళ్ళు ఎక్కడ లాక్కుంటారో అని ఇంకాస్త గట్టిగా పట్టుకుని మరీ అన్నాను.

మావయ్య అప్పటికే ఇంజను వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కొక్కెం ఖాళీగా వేలాడుతోంది, పిన్ను లేదు. స్పీడ్‌బ్రేకరు మీద ఎగిరిపోయి ఉంటుంది. ఆయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు.

"ఊపుతన్నాడన్నావు."

నేను కప్పుకేసి చూశాను.

"తొక్కతా ఉంటే తేలికైపోలేదేటిరా నీకు?"

ఆయన నా చేతుల్లోంచి కప్పు తీసుకున్నాడు. లాక్కోలేదు, నేనే వదిలేశాను. దాన్ని తీసుకెళ్ళి మేనేజరు ముందు బల్ల మీద పెట్టి, సెల్యూట్ చేసినంత నిటారుగా నిలబడి చెప్పాడు. "సర్, గాడీ నహీఁ ఆయీ. ఆధీ ఆయీ హై. ఆఖ్రీ డబ్బా నహీఁ ఆయా." బండి రాలేదు, సగమే వచ్చింది, ఆఖరి డబ్బా రాలేదు అని.

ఎవరో నవ్వారు. మావయ్య నవ్వలేదు. "ఇంజను తిప్పండ్రా" అన్నాడు మాతో.

ఉత్త ఇంజను వంతెన మీదికి తొక్కుకుంటూ వెళ్ళాం. పైనుంచి చూస్తే, ఎత్తు సగంలో ఒంటరిగా గార్డు డబ్బా, చక్రాల కింద రాళ్ళు. దానికి అవతల నాన్న, మాకు వీపు పెట్టి, ఎర్రజెండా అడ్డంగా పట్టుకుని. కుండవాళ్ళు రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. తిట్టి తిట్టి అలిసిపోయి మిగతావాళ్ళు కూడా చతికిలబడ్డారు.

కుండ తొక్కిన ఆడవాళ్ళలో పెద్దావిడ మమ్మల్ని చూడగానే లేచింది. ఛత్తీస్‌గఢీలో, చేతులు తిప్పుతూ, జరిగింది చెప్పింది. పిన్ను ఊడగానే డబ్బా ఆగిందట, ఆగి వెనక్కి దొర్లడం మొదలుపెట్టిందట, సరిగ్గా వీళ్ళ మీదికి. దిగి పక్కకి లాగుదామంటే కుండ బరువు, పైన పిల్లలు. ముసలాయన దూకలేదట. వంగి ఆ ఇనుప చక్రం తిప్పుతూనే ఉన్నాడట. కుండకి మూరెడు దూరంలో ఆగింది. "బబా నఇ రహితిస్ త లఇకా మన్ చపకా జాతిన్" అంది. తాత లేకపోతే పిల్లలు నలిగిపోయేవాళ్ళు. ఆ పిల్లలిద్దరూ ఆవిడ కొంగు పట్టుకుని నా మెడలో దండకేసి చూస్తున్నారు.

దండ! తీసెయ్యాలని కూడా తోచలేదు నాకు.

"మరి ఇంతసేపు ఎవర్నీ వదల్లేదేం?" అని అడిగాడు మాతో తొక్కిన లోకోషెడ్డువాళ్ళలో ఒకడు.

"బ్రేకు చెక్క సగం అరిగిపోనాది. రాళ్ళ మీద ఆగుంది డబ్బా. దాని పక్కనించి బళ్ళెలా వదుల్తాను, ఏదైనా తగిలితే?" అన్నాడు నాన్న. జెండా అప్పుడే దించాడు. మా నలుగురినీ పైనుంచి కిందికి చూశాడు, ఒక్కొక్కళ్ళనీ. తర్వాత నా దగ్గరికి వచ్చి నా మోచేతులు తడిమాడు.

"నీకేటీ అవలేదు కదరా?"

"లేదు నాన్నా."

"బండి తెగితే డ్రైవరుకి తెలిసిపోతాది, ఎంటనే ఆపీసి ఎనక్కొస్తారు. మీరు ఎంతకీ రాకపోయేసరికి, అవతల దిగుడులో బోల్తా కొట్టీసారేమో అనుకున్నాను. వదిలేసి వద్దామంటే ఇక్కడ పిల్లలున్నారు." అప్పుడు దండ చూశాడు. "ఇదేటి?"

తీసి జేబులో కుక్కుకున్నాను. కుక్కుతుంటే రేకులు రోడ్డంతా రాలాయి. ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

మావయ్య నన్ను బయటపెట్టలేదు. నా అబద్ధం గురించి గాని, 'ఆయనకి తెలియదు' అన్న మాట గురించి గాని నాన్నతో ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. "ఆలీసమైపోనాది బావా" అన్నాడంతే. ఇంజనును డబ్బా ముందుకు తిప్పించి, కుండవాళ్ళ దగ్గర ఒక మేకు అడిగి తీసుకుని పిన్ను దూరాల్సిన చోట దిగ్గొట్టాడు. తాడుతో కూడా కట్టాడు. నాన్న వంగి దాన్ని రెండుసార్లు లాగి చూశాడు. నాతో మావయ్య, "నువ్వు ఎనకాల కూకో. తొక్కడానికి మేం చాలు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

డబ్బాలో నాన్న పక్కన నిలబడ్డాను. అప్పుడు చూశాను ఆయన చేతులు. చక్రం తిప్పి తిప్పి రెండు అరచేతులూ తోలు లేచిపోయాయి. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. నా రుమాలు కట్టబోతే, "తర్వాత చూద్దాం, వాళ్ళందరూ మనకోసమే ఆగున్నారు" అన్నాడు. చంకలోంచి పచ్చజెండా తీసి నాకిచ్చాడు. "నా చెయ్యి లెగట్లేదురా. నువ్వు ఊపీ."

ఈల ఆయనే వేశాడు. నేను బయటికి వంగి జెండా ఊపాను.

మావయ్య క్యాబిన్లోంచి తల బయటపెట్టి చూశాడు. బండి కదల్లేదు.

సరిగ్గా కనబడలేదేమో అనుకున్నాను. మళ్ళీ ఊపాను, ఇంకా పైకి ఎత్తి. ఆయన చూస్తూనే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. కూత లేదు. కింద కుండవాళ్ళు, లారీ దగ్గర మిగిలినవాళ్ళు, అందరూ చూస్తున్నారు. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏటైంది బావా?" అని కేకేశాడు నాన్న.

"నువ్వు ఊపు బావా" అన్నాడు మావయ్య.

నాన్న ఒకసారి నా మొహంలోకి చూశాడు. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు, అడగలేదు ఇప్పటికీ. నా చేతిలోంచి జెండా తీసుకున్నాడు. ఆ పచ్చి చేతులు రెండూ కలిపి కర్రని పట్టుకుని, పళ్ళు బిగబట్టి పైకెత్తాడు.

మావయ్య కూత పెట్టాడు. బండి కదిలింది.